గట్టు మీద ముప్ఫై రెండు మొక్కలు

కొబ్బరిచెట్టు లేని జానెడు నేల కనబడితే మా అంబాజీపేట వైపు వాళ్ళకి చేతులు ఊరుకోవు. కన్నకొడుకు కూడు పెట్టకపోయినా కొబ్బరిచెట్టు పెడుతుందని వినీ వినీ పెరిగినదాన్ని నేను. మా పుట్టింట్లో దొడ్డిగుమ్మం పక్కన, బావి చప్టా పక్కన, ఆఖరికి పశువుల పాకకీ ప్రహరీకీ మధ్య సందులో కూడా చెట్టు ఉండేది. అలాంటి ఇంటినుంచి డెబ్భైల మొదట్లో రాజోలు అవతల ఒక పల్లెకి కోడలిగా వెళ్ళాను. వెళ్ళిన వారంలోనే మా అత్తవారి మడుగు గట్టు నా కంట్లో పడింది. అంత పొడుగు గట్టు మీద గడ్డి తప్ప ఒక్క చెట్టు లేదు. అది నాకు బోడినెత్తిలా కనిపించి నవ్వొచ్చింది. నా తప్పు ఆ నవ్వు దగ్గరే మొదలైందని ఇప్పుడు అనుకుంటాను.

మా ఊరు కాలవకి ఆఖరు. పై ఊళ్ళన్నీ తడిశాక మిగిలితే మాకు నీళ్ళు. వేసవిలో కాలవలు కట్టేస్తే అవీ ఉండవు. అందుకని మా మావగారి తాతగారు రెండు ఇసుకదిబ్బల మధ్యనున్న పల్లానికి ఒక చివర అడ్డంగా బంకమట్టితో గట్టు పోయించి, వాననీళ్ళూ కాలవ చివరి నీళ్ళూ అందులో నిలవబెట్టారు. దాన్నే మడుగు అనేవాళ్ళం. నిండితే గట్టు దగ్గర మనిషి మునిగే లోతు. గట్టు మధ్యలో ఒక తూము, దానికి ఒకదాని మీద ఒకటి పేర్చిన చెక్కపలకలు. పలక తీస్తే నీళ్ళు దిగుతాయి, వేస్తే నిలుస్తాయి. గవర్నమెంటు కాయితాల్లో ఆ గట్టు ఎక్కడా లేదు. ఇరిగేషన్ వాళ్ళు ఏటిగట్టు చూసుకునేవారు, కాలవగట్టు చూసుకునేవారు. ఇది మాది. దీని మంచీ చెడూ మావే.

గట్టుకి అవతల పల్లంలో పేట ఉండేది. మా పొలాల్లో పనిచేసే క్రైస్తవుల ఇళ్ళు, ఎనిమిది. అన్నీ మట్టిగోడలు, తాటాకు కప్పులు. ఆ చోటు ఇచ్చింది మావాళ్ళేనని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. ఎత్తుగా ఉన్న దిబ్బ మేం ఉంచుకుని పల్లం వాళ్ళకి ఇచ్చామన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పుకునేవారు కాదు. వాళ్ళ చర్చి ఒక్కటే రెండో దిబ్బ మీద ఉండేది.

పేటలో మొదటి ఇల్లు, గట్టుకి ఆనుకునే ఉన్న ఇల్లు, తూము చూసే ఆయనది. పలకలు వెయ్యడం, తియ్యడం, గట్టుకి పీతలు బొరియలు పెడితే పూడ్చడం ఆయన పని. ఆయన తండ్రీ అదే పని చేశాడట. చర్చిలో ఆయన సంఘపెద్ద కూడా. ఇప్పుడు ఆయన, ఆయన అని రాస్తున్నాను గాని, ఆ రోజుల్లో నా తండ్రి వయసు మనిషిని 'ఏరా' అనకపోవడమే పెద్ద మర్యాద అనుకుని, 'నువ్వు' అనేదాన్ని.

మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా నేను చూడని పద్ధతి ఒకటి ఉండేది. గట్టుతొక్కుడు అనేవారు. తొలకరి పడి మడుగులోకి నీళ్ళు దిగడం మొదలవగానే ఒక రోజు పొద్దున్నే పేట మనుషులందరూ, మా ఇంట్లోవాళ్ళందరూ చెప్పులు విడిచి గట్టెక్కేవారు. భుజానికి భుజం ఆనించి, అడ్డంగా ఒక వరసలో నిలబడి, కొందరు గట్టు నెత్తిన, కొందరు రెండు వాలుల మీదా, అడుగులో అడుగు వేసుకుంటూ ఈ దిబ్బనుంచి ఆ దిబ్బ దాకా నడిచేవారు. ఎవరి కాలికైనా నేల మెత్తగా తగిలినా, చల్లగా తగిలినా, అక్కడొక కొబ్బరిఈనె గుచ్చేవారు. తరవాత ఈనెలున్న చోటల్లా తవ్వి బంకమట్టి వేసి దిమ్మిస కొట్టేవారు. పని అయ్యాక మా ఇంటినుంచి కొబ్బరి లౌజు ఉండలు పంచేవారు.

"గట్టు సంగతి కంటికి తెలీదమ్మా, అరికాలికి తెలుస్తుంది," అనేవారు మా మావగారు. ఆయనే పంచె ఎగ్గట్టి అందరికంటే ముందు నడిచేవారు. ఆయనకి కుడివైపున తూము చూసే ఆయన నడిచేవాడు. ఏడాదికి ఆ ఒక్క పూటా ఆ రెండు భుజాలు ఒకదానికొకటి తగిలేవి.

నిజం చెప్పడానికే ఇది రాస్తున్నాను కాబట్టి ఇదీ చెబుతాను. నాకు ఆ తొక్కుడు అంటే ఒళ్ళు మండేది. కొత్తకోడలిని, కాళ్ళకి పారాణి కూడా ఆరలేదు, చెప్పుల్లేకుండా బురదలో నడవమంటారేమిటని ఒక మంట. పేట ఆడవాళ్ళ భుజం నా భుజానికి తగులుతుందని ఇంకో మంట. మొదటిది అందరితోనూ అన్నాను. రెండోది ఎవరితోనూ అనలేదు. మొదటి ఏడు నా పక్కన నడిచిన మనిషి తూము ఆయన భార్య. నా ఇబ్బంది కనిపెట్టి, మా ఇద్దరి మధ్యా జానెడు ఎడం వదిలి నడిచింది. ఆ జానెడు మేర గట్టుని ఆ ఏడు ఎవరి అరికాలూ తాకలేదు.

మూడేళ్ళకి మావగారు పోయారు. అత్తగారు నేను రాకముందే పోయారు. మావారికి అమలాపురంలో ఉద్యోగం. పొద్దున్నే బస్సెక్కితే దీపాలవేళకి దిగేవారు. మనిషి మెత్తన. వ్యవసాయమంటే ఆయనకి భయం, నాకు పిచ్చి. అలా పెత్తనం నా చేతికొచ్చింది. నా చేతికి రాగానే నా కళ్ళు ఎక్కడికి పోయుంటాయో చెప్పక్కర్లేదు.

మా నాన్నగారికి కబురు పెడితే మంచి జాతి చూసి మొక్కలు ఏరి బండి మీద పంపారు. ముప్ఫై రెండు. కొబ్బరిమొక్క పాతే లెక్క మా వైపు పిల్లలకి కూడా వచ్చు. మూడడుగుల లోతు గొయ్యి, అడుగున తేమ నిలవడానికి రెండు వరసలు కొబ్బరి డొక్కలు, అంటే కాయ వలిచిన పీచు తొక్కలు, వాటిమీద ఇసుక, దోసెడు ఉప్పు, కాస్త బూడిద. తూము ఆయన్ని పిలిపించి గట్టు నెత్తిన వరసగా గోతులు తియ్యమన్నాను.

ఆయన పార ఎత్తలేదు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"గట్టుకి గొయ్యి తియ్యకూడదండి అమ్మగారూ. లోన ఉన్నది బంకమట్టండి. అది తీసి ఇసక పోస్తే నీళ్ళకి దారి ఇచ్చినట్టేనండి."

"కాలవగట్టు పొడుగునా చెట్లు లేవా? అది తెగిందా?"

"అయ్యి పారే నీళ్ళండి. పోయే దారి వాటికుందండి. ఇయ్యి నిలిచే నీళ్ళండి. నిలిచే నీళ్ళు ఊరుకోవండి, దారి ఎతుక్కుంటానే ఉంటాయండి."

కొబ్బరిమొక్క గురించి అంబాజీపేట పిల్లకి ఇంకొకరు చెప్పడమా! అందులోనూ ఎవరు? నాకు కోపం నషాళానికెక్కింది.

"గట్టు మాదా, నీదా?" అన్నాను.

"తమరిదేనండి."

"మరి తవ్వు."

"ఆయ్," అని తువ్వాలు నడుముకి చుట్టుకుని పార పట్టుకున్నాడు. ముప్ఫై రెండు గోతులూ రెండు రోజుల్లో ఆయన ఒక్కడే తీశాడు. పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని డొక్కలు నేనే లెక్కపెట్టి వేయించాను. తీసిన బంకమట్టి ఏం చెయ్యాలని అడిగితే మా దొడ్లో అరుగుకి వాడుకున్నాను. ఆ అరుగు ఇప్పటికీ రాయిలా ఉంది.

మరుసటి ఏడు తొలకరికి ఆయన వచ్చి గట్టుతొక్కుడు ఎప్పుడో చెప్పమన్నాడు. అప్పటికే మేకలు రాకుండా గట్టు పొడుగునా ముళ్ళకంచె కట్టించాను.

"అక్కర్లేదు. అంతమంది ఎక్కితే మొక్కలు బతుకుతాయా?"

"మొక్క మీద కాలెయ్యమండి. వాలుల మీదే నడుస్తామండి."

"వద్దన్నానా!"

తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టుండేది నా వరస. మొక్కలు నాకు నిజంగానే ముద్దు. అది అబద్ధం కాదు. కాని భుజాలు తగలని మంచి సాకు దొరికిందన్న సంతోషం కూడా ఆ 'వద్దు'లో ఉంది. ఆ ఏటినుంచి గట్టుతొక్కుడు ఆగిపోయింది. లౌజు ఉండలు మాత్రం పేటకి పంపించేదాన్ని. దాతనన్నమాట.

మొక్కలు ఏపుగా పెరిగాయి. ఎండాకాలంలో కూడా ఆకు పచ్చగా ఉండేది. చుట్టాలొస్తే గట్టు మీదికి తీసుకెళ్ళి చూపించేదాన్ని. నీళ్ళు పొయ్యకుండానే ఇలా ఉన్నాయి, చెయ్యి అలాంటిది అనేదాన్ని. నీళ్ళు వాటికి ఎక్కడినుంచి అందుతున్నాయో ఒక్కసారి ఆలోచించినా సరిపోయేది.

నాలుగో ఏడు ఆశ్వయుజంలో వానలు విడవకుండా కురిశాయి. మడుగు నిండుకుండ. ఒక గురువారం పొద్దున్న మావారు బస్సుకి వెళ్ళిపోయాక, తూము ఆయన ఒక సత్తుచెంబు పట్టుకుని వచ్చాడు. అరుగు కింద నిలబడి చెంబు మెట్టు మీద పెట్టాడు.

"మా దొడ్లో గట్టు మొదట్లో ఊట వస్తందండి. నాలుగు రోజులైందండి. నిన్నటిదాకా తేటగా ఉంది, తేటనీటికి బయం లేదండి. ఇయ్యాల మడ్డి వస్తందండి. మడ్డి వస్తే లోన మట్టి కోసుకుపోతన్నట్టండి."

నేను వంగి చెంబులోకి చూశాను. నీళ్ళు కలకబారి ఉన్నాయి. అడుగున చిటికెడు మట్టి తేరింది. ఆ మట్టిలో వేలెడు పొడుగు పోగులు రెండున్నాయి. కొబ్బరిపీచు. నానిపోయి, నల్లబడి, కాని పీచే. పీచు మధ్య పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి. గట్టు నెత్తిన నేను పెట్టించిన డొక్కల పీచు, గట్టులోంచి ప్రయాణం చేసి అవతల వాళ్ళ దొడ్లో తేలింది. నా గోతులలోంచే నీళ్ళు వస్తున్నాయని ఆ క్షణంలోనే తెలిసింది.

"రెండు పలకలు తీసేస్తానండి అమ్మగారూ. మూరెడు నీరు దిగితే గట్టు మీద బరువు తగ్గుద్దండి. వాన తెరిపిచ్చేక కంచె తీసి తొక్కి చూద్దారండి."

సరే అనడానికి ఒక్క మాట చాలు. కాని సరే అంటే, నీళ్ళు దింపడం ఎందుకని మావారు అడుగుతారు. కంచె తీస్తారు. తవ్వుతారు. కారణం బయటపడుతుంది. నాలుగేళ్ళ కిందట నువ్వు చెప్పిందే నిజమని ఈ మనిషి ముందు ఒప్పుకోవాలి. నాకు భయమేసింది. నాకు భయమేస్తే అది కోపంలాగే బయటికొస్తుంది.

"వాన పడ్డప్పుడు బురద నీళ్ళు కాక కొబ్బరినీళ్ళు వస్తాయా? ఈ నీళ్ళు వదిలేస్తే వేసవిలో కాలవ కట్టేసినప్పుడు పశువులకి నువ్వు తెచ్చి పోస్తావా? నేను చెప్పకుండా ఒక్క పలక కదిపావంటే ఊరుకోను."

ఆయన చెంబు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు. "ఆయ్, చిత్తమండి," అన్నాడు. నేనే ఆ చెంబు తీసుకుని నీళ్ళు దొడ్లో పారబోసి ఖాళీ చెంబు ఆయన చేతికిచ్చాను. పేటవాళ్ళు తాగే చెంబుని నా చేత్తో పట్టుకోవడం అదే మొదలు. ఎందుకు పట్టుకున్నానో నాకు తెలుసు. ఆ పీచు పోగులు ఇంకెవరి కంటా పడకూడదని.

శుక్రవారం, శనివారం వాన. పోనీ పలకలు తియ్యమని కబురు పెడదామని రెండుసార్లు వీధిగుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆదివారం తెరిపిచ్చింది. ఎండ కూడా కాసింది. చూశావా, అనవసరంగా కంగారు పడ్డావు అని నన్ను నేనే కసురుకున్నాను. పేటంతా చర్చికి వెళ్ళింది. దిబ్బ మీదినుంచి వాళ్ళ పాట వినబడుతూండగా గట్టు తెగింది.

చప్పుడు పెద్దగా రాలేదు. ఏదో బస్తా జారిపడ్డట్టు వినిపించింది. వాకిట్లోకి వచ్చి చూస్తే గట్టు మీద నా మొక్కల్లో మూడు తల వాల్చి, నిదానంగా, ఒకదాని వెనక ఒకటి కనబడకుండా పోయాయి. ఆ తరవాత హోరు. మడుగంతా పేట మీదికి దిగిపోయింది. ఎనిమిది ఇళ్ళకి ఎనిమిదీ కూలాయి. ఆదివారం కాబట్టి, చర్చి దిబ్బ మీద ఉంది కాబట్టి, ఒక్క ప్రాణం పోలేదు. కోళ్ళు పోయాయి, కట్టేసిన దూడ ఒకటి పోయింది. ఎవరి మందసాలు, బట్టలు, తిండిగింజలు, బైబిళ్ళు వాళ్ళు మర్నాడు బురదలో వెతుక్కున్నారు. తూము ఆయన భార్య పీట ఒకటి కడుక్కుంటూ కనిపించింది. ఇల్లు లేదు, పీట ఉంది.

తెగిన చోట గట్టు కత్తితో కోసినట్టు నిలబడింది. నల్లటి బంకమట్టి మధ్యలో తెల్లగా ఒక ఇసుక గొయ్యి, దాని అడుగున కుళ్ళిన డొక్కలు. పుస్తకంలో బొమ్మ వేసినట్టు ఎవరికైనా అర్థమయ్యేలా ఉంది. నేను చూసి, ఎవరూ దగ్గరికొచ్చి చూడకముందే, గండి పూడ్చడం మొదలుపెట్టించాను. పేటవాళ్ళ కోసం మా సావిట్లో గంజి కాయించడం కంటే ముందు ఆ పని చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. నేను పట్టుకున్న ఆకులు కాలిన చేతుల కోసం కూడా కాదు, వాటిని దాచుకోవడానికి.

గండిలోకి దిగి మొదటి తట్ట మట్టి వేసింది తూము ఆయనే. ఆ గొయ్యి ఆయన మొహానికి ఎదురుగా ఉంది. తీసిన చెయ్యి ఆయనదే. రెండో తట్ట అందుకున్నాడు.

మూడో రోజు మునసబుగారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. మావారు పక్కన. పేట మగవాళ్ళందరూ కింద నిలబడ్డారు. నేను గుమ్మంలో తలుపు వెనక. మునసబుగారు తూము ఆయన్ని ముందుకి రమ్మన్నారు.

"నీళ్ళు అంత ఎక్కుతుంటే తూము ఎందుకు ఎత్తలేదోయ్?"

పేటలోనే ఒక కుర్రవయసువాడు అందుకున్నాడు. "అడగండయ్యా. తూము ఒగ్గేసి పెద్దమనిషిలా చర్చిలో ముందు వరసలో కూచున్నాడండి. ఆదోరం కాకపోయుంటే పిల్లాజెల్లా పోదుమండి." మిగతావాళ్ళు కూడా తలో మాటా అన్నారు. ఎనిమిది ఇళ్ళు పోయినవాళ్ళకి ఎవరినో ఒకరిని అనాలి కదా. మమ్మల్ని అనలేరు.

అప్పుడు ఆయన తలెత్తి గుమ్మం వైపు చూశాడు. ఒక్కసారే. తలుపు సందులోంచి నాకు ఆయన కళ్ళు కనబడ్డాయి. నా కొంగు కనబడే ఉంటుంది ఆయనకి. 'అమ్మగారు వద్దన్నారండి' అంటాడని తలుపు పట్టుకుని నిలబడ్డాను. అంటే కాదనడానికి కూడా మాట వెతుక్కుని పెట్టుకున్నాను.

"పొరపాటయిందండి," అన్నాడాయన తల దించుకుని.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను భుజాలు కూడా తడుముకోలేదు. తేలు కుట్టిన దొంగలా అలాగే నిలబడ్డాను. ఆ రోజే ఆయన్ని తూము పనినుంచి తీసేశారు. లోపలికొచ్చి మావారు అడిగారు. "ఆయన అంత అజాగ్రత్త మనిషి కాడే. నువ్వేమైనా చెప్పావా?"

"నాకేం తెలుసు? నేను ఇంట్లోదాన్ని," అన్నాను. పెత్తనమంతా చేస్తూ ఆ ఒక్కపూటకి ఇంట్లోదాన్నైపోయాను.

ఆ తరవాత సంగతులు పనివాళ్ళ నోట చెవిన పడేవి. ఆయన సంఘపెద్దరికం వదిలేశాడట. చర్చిలో వెనక, తలుపు దగ్గర కూర్చుంటున్నాడట. ప్రార్థన చెయ్యమంటే వద్దంటున్నాడట. పేటలో పెళ్ళికి పిలిచినా ఒక పక్కన నిలబడి వచ్చేస్తాడట. తండ్రి నాటినుంచి గట్టు కాసిన ఇల్లు, గట్టు ముంచిన ఇల్లయింది. ఇదంతా నేను వింటూ కూర ఎక్కడ మాడుతుందోనని పొయ్యి దగ్గరికి పోయేదాన్ని.

ఇంకా సిగ్గుచేటు మాట ఒకటుంది. గట్టు మీద మిగిలిన ఇరవై తొమ్మిది మొక్కల్ని నేను తీయించలేదు. అవి చెట్లయ్యాయి, కాపుకొచ్చాయి. తొలిగెల దింపినప్పుడు ఆనవాయితీ ప్రకారం ఊళ్ళో అందరికీ కాయలు పంపి, పేటకి కూడా ఇంటికి రెండు చొప్పున పంపాను. ఆయన ఇంటికీ రెండు వెళ్ళాయి. పుచ్చుకున్నారని ఇచ్చొచ్చిన మనిషి చెప్పింది. ఆ కాయలు మేమూ తిన్నాం. తియ్యగానే ఉన్నాయి.

ఎనభైల్లో ఒక ఏడు గోదావరి బాగా పొంగినప్పుడు మా ఊరి వాళ్ళందరం ఏటిగట్టు మీదికి వెళ్ళాం. ఇసుక బస్తాలు వేస్తున్నారు. ఒకచోట నీళ్ళు ఊరుతుంటే ఇరిగేషన్ సూపర్‌వైజరు ఒకాయన, ఎవరో గట్టువాలులో పాతిన కొబ్బరిమొక్కని పీకి అవతల పారేసి అరుస్తున్నాడు. "గట్టుకి గొయ్యి తీసినవాణ్ణి ముందు ఆ గొయ్యిలో పెట్టి పూడ్చాలండీ. కింద మనుషులున్నారన్న జ్ఞానం ఉండక్కర్లేదా?"

ఆయనకి నేనెవరో తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. నేను కూడా అవునన్నాను. అన్నాక పక్కనున్న బస్తా మీద కూర్చుండిపోయాను. వరద తగ్గాక ఇంక ఒక్కరోజు కూడా ఆగకూడదనుకున్నాను. ఇంటికొచ్చి మావారికి అంతా చెప్పాను. ఆయన, "చెప్పాల్సింది నాకు కాదు," అన్నారు. అంత మెత్తటి మనిషి అంత గట్టి మాట అనగా వినడం అదే మొదలు.

అప్పటికి పేట దిబ్బ మీదికి మారింది. కాలనీ ఇళ్ళు వచ్చాయి. ఆయనకి భార్య పోయింది. కూతురు టీచరు. ఆ అమ్మాయే తలుపు తీసింది. నేను గుమ్మంలో చెప్పులు విడిచాను. "రండమ్మా," అని కుర్చీ వేసి, టీ కలిపి తెచ్చింది. తాగాను. ఆయన మంచం మీద లేచి కూర్చోవడానికి తంటాలు పడుతుంటే వద్దన్నాను. బాగా చిక్కిపోయాడు. దారంతా వల్లించుకుంటూ వెళ్ళిన మాట ఒకటే. ఆ పీచు నేను చూశాను, తెలిసే వద్దన్నాను, తప్పు నాది, మీది కాదు. అందరి ముందూ కూడా చెబుతాను. 'మీరు' అని కూడా వల్లించుకున్నాను.

"మీతో ఒక మాట చెప్పాలని వచ్చాను," అన్నాను.

ఆ 'మీరు' వినగానే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"తమరే వచ్చేరండి. నేనే రావాలండి, కాళ్ళు రావడం లేదండి. ఇన్నేళ్ళూ ఆ మాట తమరికి చెప్పుకోవాలనే ఉందండి. గట్టు సంగతి తమరికేం తెలుసండి, కొత్తగా వచ్చినోరు. నాకు తెలుసండి. తెలిసీ గొయ్యి తవ్వేను. తమరు వద్దన్నా తూము ఎత్తెయ్యాల్సిందండి, తిడితే తిట్టేవోరు. ఎత్తలేదు. ఆ చెంబులో పీచు పోగులుండేయండి అమ్మగారూ. నేను చూసేను. తమరు చూడలేదు. ఇదిగోనండి అని ఏలెట్టి చూపించుంటే తమరు ఒప్పుకుందురండి. చూపించడానికి నోరు రాలేదండి. ఎనిమిదిళ్ళు ముంచేసేను. తమరి గట్టు పాడుచేసేను. క్షమించేనని ఒక్క మాట అనండమ్మా."

నా నోటిలో మాట సిద్ధంగానే ఉంది. చూశాను అన్న ఒక్క ముక్క. ఆయన చేతులు జోడించుకునే ఉన్నాడు. గుమ్మంలో కూతురు నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. చదువుకున్న పిల్ల. ఆ ముక్క అంటే ఆ పిల్ల నన్ను ఎలా చూస్తుందో నా కళ్ళకి కట్టింది.

"పోన్లెండి. జరిగిపోయిందానికేం," అన్నాను. "నేనెప్పుడో మర్చిపోయాను. మనసులో ఏమీ పెట్టుకోకండి."

ఆయన మొహం తేటపడింది. ముసలాయన ప్రాణం తేలికపడింది, ఇప్పుడు నిజం చెప్పి ఆ తేలిక చెడగొట్టడమెందుకు అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నిజం చెప్పుంటే ఆయన ప్రాణం ఇంకా తేలికపడేది. తేలికపడింది నా ప్రాణమే, అదీ ఆ కాసేపే. క్షమించమని అడగడానికి వెళ్ళినదాన్ని, క్షమించి లేచాను. నెల తిరక్కుండానే ఆయన పోయాడు. ఆయన సమాధి దగ్గర కూడా ఆ మాట చెప్పలేదు. చుట్టూ జనం ఉన్నారు.

నేను క్షమించి లేచిన ఆ రోజు కూతురు నాతో గుమ్మం దాకా వచ్చింది.

"నాన్న ఈ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూసేరో మీకు తెలీదమ్మా. ఇంటికొచ్చి మరీ అన్నారు. మీ మేలు మర్చిపోమండి."

నేను తలూపి, చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.